తేట నీరంతా మంచి నీరు కాదు

చిరంజీవి మనవరాలికి,

అడుగున గులకరాళ్లు లెక్కపెట్టగలిగేంత తేటగా ఉన్న ట్యాంకులోనూ చేపలు చనిపోతుంటాయి. చేపల మొప్పల నుంచి, విసర్జకాల నుంచి, మిగిలి కుళ్లిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. దానికి రంగు లేదు. చెరువులో అది పలచబడిపోతుంది, నలభై లీటర్ల ట్యాంకులో మాత్రం పేరుకుంటుంది. నీటి పీహెచ్, వేడి పెరిగేకొద్దీ అందులో విషపు వంతు ఎక్కువవుతుంది కాబట్టి మన ఎండాకాలంలో ముప్పు మరీ దగ్గరగా ఉంటుంది.

ఈ విషాన్ని విరిచేది కంటికి కనిపించని బ్యాక్టీరియా. నైట్రోసోమోనాస్ వంటివి అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా ప్రాణాంతకమే. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను మార్చేసి ఆక్సిజన్ మోయనివ్వదు, చేప నీటి పైకి వచ్చి నోరు తెరుస్తూ అల్లాడుతుంది. నైట్రోస్పైరా వంటివి దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ వల్ల హాని చాలా తక్కువ. ఫిల్టర్ స్పాంజీ మీద, రాళ్ల మీద ఈ బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ట్యాంకు కొన్న సాయంత్రమే డజను చేపలు వేసేవారు ఆ వారాల భారాన్ని చేపల మీద మోపుతున్నారు. ఏ నీటిలో బతకాలో ఎంచుకునే వీలు చేపకు లేదు, ఆ ఎంపిక పూర్తిగా పెంచేవారిది. చేపలు లేకుండానే ఫిల్టర్ నడుపుతూ రోజూ చిటికెడు మేత వేసి, టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ పెరిగి మళ్లీ సున్నాకు దిగేదాకా ఆగడం, ఆ తర్వాత రెండు మూడు చేపలతో మొదలుపెట్టడం న్యాయమైన పద్ధతి.

ఈ బ్యాక్టీరియాకూ ఆక్సిజన్ కావాలి. కరెంటు ఆదా కోసం రాత్రిళ్లు ఫిల్టర్ ఆపితే ఆ బ్యాక్టీరియా నశించడం మొదలవుతుంది. స్పాంజీని కుళాయి కింద తెల్లగా తోమినా అంతే, నీటిలోని క్లోరిన్ దాన్ని చంపేస్తుంది. ట్యాంకులోంచి తీసిన నీటిలోనే స్పాంజీని రెండు మూడు సార్లు పిండితే చాలు.

వారానికోసారి నాలుగో వంతు నీరు మార్చడం మంచి అలవాటు. తీసిన నీటిలో నైట్రేట్ ఉంటుంది కాబట్టి అది పూలకుండీలకు పనికొస్తుంది. కొత్తగా పోసే కుళాయి నీటిని వెడల్పు బకెట్‌లో ఒక రోజు ఉంచితే క్లోరిన్ పోతుంది. నీటిలో క్లోరమిన్ ఉంటే మాత్రం అది అలా పోదు, దానికి దుకాణాల్లో దొరికే నీటి శుద్ధి చుక్కలు కావాలి. బోరు నీటిలో క్లోరిన్ లేకపోయినా ఆక్సిజన్ తక్కువగా, లవణాలు ఎక్కువగా ఉండవచ్చు. అందుకే ఒక రాత్రి గాలి పంపు పెట్టి, ఆ లవణాలను తట్టుకునే చేపలనే ఎంచుకోవాలి. ఆర్వో నీటిలో ఖనిజాలు దాదాపు ఉండవు, అదొక్కటే పోస్తే పీహెచ్ నిలకడగా ఉండదు.

మేత విషయంలో నిగ్రహం అన్నిటికన్నా కష్టం. చేప అద్దం దగ్గరకు వచ్చిన ప్రతిసారీ ఆకలి అనుకోవడం ప్రేమే, కానీ ఆ ప్రేమ అమ్మోనియాగా మారుతుంది. రెండు మూడు నిమిషాల్లో తినేసేంత చాలు.

పాచి తింటుందని కొనే సక్కర్ చేప ట్యాంకును శుభ్రం చేయదు, తన విసర్జకాలూ అందులోనే కలుపుతుంది. అడుగు పొడవుకు మించి పెరుగుతుంది. పెంచలేక వదిలేసినవి కృష్ణా నదిలోనూ చెరువుల్లోనూ పెరిగి జాలర్ల వలలు చింపుతున్నాయి, వాళ్లు వాటిని దెయ్యం చేపలు అంటున్నారు. చోటు చాలని చేపను దుకాణానికో, పెద్ద ట్యాంకు ఉన్నవారికో ఇవ్వాలి. కాలువలో వదలకూడదు.

ఆశీస్సులతో,
తాతయ్య