బారూకు నిట్టూర్పు

ధ్యాన భాగము: యిర్మీయా 45వ అధ్యాయము



మన చిల్లకూరు ప్రాంతమున పద్దు వ్రాయుట తెలియనివారు తక్కువ. నిమ్మతోట గలవారు గూడూరు మార్కెట్టుకు ఎన్ని బస్తాలు పోయినవో, ధర ఎంత పలికినదో, కమీషను ఎంత పోయినదో వ్రాసికొందురు. రొయ్యల గుంట గలవారు మేతకు ఎంత, డీజిలుకు ఎంత, వడ్డీకి ఎంత అని వ్రాసికొందురు. ఇసుక లారీ నడుపువాడు సహితము తన ట్రిప్పులను జేబు పుస్తకములో గుర్తు వేసికొనును. వ్రాయనియెడల లెక్క తప్పునని మనకు తెలియును. అయితే మన ప్రాణమునకు కలిగిన నష్టమును, దానికి దొరికిన మేలును మాత్రము మనము ఎక్కడను వ్రాయము. అందుచేతనే కష్టములు ఒకదానిమీద ఒకటి వచ్చినప్పుడు ఏది ఎంతయో తెలియక అంతయు ఒకే చీకటిగా కనబడును.

నేరీయా కుమారుడైన బారూకు వ్రాతగాడు. యెహోయాకీము ఏలుబడి నాలుగవ సంవత్సరమున యిర్మీయా చెప్పుచుండగా అతడు సిరాతో వ్రాసెను. వ్రాసినదంతయు దేశమునకు రాబోవు నాశనమును గూర్చిన మాటలే. వ్రాయుచు వ్రాయుచు అతని గుండె బరువెక్కెను. బాధకు తోడు బాధ వచ్చినదనియు, తనకు విశ్రాంతి లేదనియు అతడు మూలిగెను. దేవుడు ఆ మూలుగును త్రోసివేయలేదు. మొదట అతడన్న మాటనే అతనికి తిరిగి వినిపించెను. ఆ తరువాతనే జవాబు చెప్పెను. గొప్ప సంగతులను వెదకవద్దు, నీవు ఎక్కడికి పోయినను నీ ప్రాణము నీకు దక్కును అని ఆ జవాబు భావము. ఆ అధ్యాయమంతయు అయిదే వచనములు. రాజుల సంగతులతోను జనముల సంగతులతోను నిండిన గ్రంథములో ఒక వ్రాతగాని నిట్టూర్పునకు ఒక అధ్యాయము దొరికినది!

ఈ సంగతి మేము పుస్తకము చదివి మాత్రమే నేర్చుకొనలేదు. 2021 మే మాసమున కరోనా రెండవ అల వచ్చినప్పుడు మా యింట ఒక సహోదరుని పోగొట్టుకొంటిమి. కడసారి ముఖము చూచుటకైనను వీలు కలుగలేదు. అదే సంవత్సరము నవంబరులో గొప్ప వానలు కురిసినవి. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకొనిపోయిన దినములవి. మా యింటిలోనికి మోకాలిలోతు నీళ్లు వచ్చినవి. ప్రార్థించుటకు కూర్చుండిన మాటలు రాలేదు. ఒక రాత్రి నిమ్మకాయల పద్దు పుస్తకము వెనుక పేజీలో మూడు వరుసలు వ్రాసితిమి. మరునాడు మరి కొన్ని. అప్పు ఎంతయో వ్రాసితిమి. సహోదరునితో చెప్పక మిగిలిపోయిన మాటలను వ్రాసితిమి. దేవునిమీద మాకు కలిగిన కోపమును సహితము వ్రాసితిమి. ఇట్టివి విశ్వాసులు వ్రాయదగినవేనా అని సిగ్గుపడి, ఆ పేజీలను చింపివేయ తలచితిమి.

చింపక మునుపు ఒకసారి మొదటినుండి చదివితిమి. ఆ ఫిర్యాదుల మధ్య ఒక మాట మరల మరల కనబడెను: ఈ పూట పక్కింటివారు క్యారియరులో అన్నము పంపిరి. లెక్కించగా అది పదునొకండు చోట్ల ఉండెను. వ్రాసినది మా చెయ్యే. అయినను ఆ దినములలో మేము దానిని మేలుగా ఎంచలేదు. అన్నము వచ్చినది, తింటిమి, అంతే. మమ్మును ఎవరును తలంచలేదని వ్రాసిన పేజీలోనే ఆ క్యారియరు మాటయు ఉన్నది! ఆ రాత్రి మాకు ప్రార్థన వచ్చినది.

విలాపవాక్యముల గ్రంథమును చూడుడి. క్రీస్తు పూర్వము 586 ప్రాంతమున యెరూషలేము కూలిపోయిన తరువాతి దుఃఖమది. అయినను మొదటి నాలుగు అధ్యాయములు హెబ్రీ అక్షరమాల వరుసలో కూర్చబడినవి. అక్షరములు ఇరువది రెండు. మూడవ అధ్యాయములో అక్షరమునకు మూడేసి చొప్పున అరువది ఆరు వచనములు. పట్టణములో ఏదియు వరుసగా నిలువనప్పుడు ఆ భక్తుడు తన కన్నీటిని అక్షరముల వరుసలో పెట్టెను. గ్రంథము నట్టనడుమ ఆయనకు దేవుని కృప జ్ఞాపకము వచ్చినది. దుఃఖమును దాటిపోయి కాదు, దుఃఖమును వరుసగా చెప్పుచుండగానే నిరీక్షణ కనబడినది.

వ్రాయుట రానివారు ఏమి చేయవలెను? యిర్మీయా నోటితో చెప్పెను, బారూకు వ్రాసెను. మన నెల్లూరు సీమకు పొరుగున ఒంగోలులో సేవ చేసిన జాన్ క్లౌ దొరగారు 1876–78 కరువు కాలమున ఆకలిగొన్నవారికి పని కల్పించుటకై బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము కాంట్రాక్టు తీసికొనిరి. ఆ కాలువయే మన తీరము వెంబడి పోవుచున్నది. ఆయన తన జీవిత కథను చెప్పగా భార్య ఎమ్మాగారు వ్రాసిరి. ఆయన 1910లో మరణించిన తరువాత, 1914లో, అది పుస్తకముగా వెలువడినది. కాబట్టి అవ్వ చెప్పవచ్చును, మనుమరాలు వ్రాయవచ్చును. అట్లు వ్రాసిన పిల్లకు తన అవ్వ యెవరో అప్పుడే తెలియును.

అయితే రెండు సంగతులు జ్ఞాపకముంచుకొనవలెను. ఈ వ్రాత పదిమంది మెప్పుకొరకు కాదు. గొప్పవి వెదకవద్దని బారూకు విన్న మాట మనకును చెల్లును. మరియు మన వ్రాతయే మనలను రక్షించదు. యిర్మీయా గ్రంథమును యెహోయాకీము రాజు చాకుతో కోసి కుంపటిలో కాల్చివేసెను. కాగితము కాలును, తడియును, చెదలు పట్టును. అయినను దేవుని మాట కాలిపోలేదు. బారూకు మరల కూర్చుండి వ్రాసెను, మునుపటికంటె ఎక్కువగానే వ్రాసెను. మన పుస్తకము పోయినను మన నిట్టూర్పు వినినవాడు ఉన్నాడు.

కావున ప్రియులారా, ఈ రాత్రి దీపమార్పక ముందు పద్దు పుస్తకము వెనుక పేజీ తీయుడి. తేదీ వేయుడి. నేడు పోయినదేమో దాచక వ్రాయుడి. దాని క్రింద నేడు మీ వాకిటికి వచ్చినదేమో, అది ఒక గిన్నెడు అన్నమైనను, వ్రాయుడి. అర్థము ఆ రాత్రియే దొరకకపోవచ్చును. కొన్ని నెలల తరువాత మోకరించి ఆ పేజీలు చదువుడి. మనము ఒంటరిగా నడిచితిమనుకొన్న దారిలో మనతో నడిచినవాని అడుగులు అక్కడ కనబడును.

బారూకు నిట్టూర్పు వినిన దేవుడు మన నిట్టూర్పును విని, మన ప్రాణములకు నెమ్మది దయచేయును గాక. ఆమెన్.