ఉపసంహార విద్య

మా చిన్ననాట పీర్ల పండుగకును దసరాకును ఊరేగింపు ముందు కత్తిసాము చేయువారు నడచెడివారు. ఆ సాములో జనులెల్లరు ఊపిరి బిగబట్టి చూచెడి ఘట్ట మొకటి యుండెడిది. ఒక కుఱ్ఱవానిని వెల్లకిల పరుండబెట్టి, వాని పొట్టపై దోసకాయ నుంచి, వస్తాదు కన్నులకు గుడ్డ కట్టుకొని, కత్తిని ముమ్మారు గిరగిర త్రిప్పి, ఒక్క వ్రేటున ఆ కాయను రెండు చెక్కలు గావించెడివాడు. కాయ తెగెడిది, క్రింది చర్మముపై గీతయైనను పడెడిది కాదు. తప్పెటలు మ్రోగెడివి, పళ్లెములో డబ్బులు రాలెడివి. ఆ చప్పట్లన్నియు కాయ తెగినందుకే యని నేను చాలకాలము తలచితిని. దోసకాయను తఱుగుటకు వస్తాదెందుకు? మా యింట మేనత్త దినదినమును తఱుగుచునే యుండెను గదా! ఆ విద్య యంతయు కత్తి ఆగిన చోట నున్నదనియు, కాయకును కడుపునకును నడుమనున్న వెండ్రుకవాసి యెడములో నున్నదనియు నాకు బోధపడుసరికి నడివయస్సు వచ్చినది.

పోరువిద్య నభ్యసించుట ధర్మమా, అధర్మమా యను విచారము మన దేశమున మిక్కిలి ప్రాచీనమైనది. ఇల్లు తగులబెట్టువాడు, విషము పెట్టువాడు, ఆయుధ మెత్తి మీదికి వచ్చువాడు, ధనమును, భూమిని, భార్యను అపహరించువాడు – ఇట్టివారిని ధర్మశాస్త్రములు ఆతతాయులని పేర్కొనినవి. ఆతతాయియై వచ్చువాడు గురువైనను, బాలుడైనను, వృద్ధుడైనను, బహుశ్రుతుడగు బ్రాహ్మణుడైనను విచారింపక చంపవచ్చునని మనుస్మృతి విధించినది. అట్లయ్యును, కురుక్షేత్రమున అర్జునుడు ఆ పదమునే గ్రహించి, ఈ యాతతాయులను చంపినచో మనకు పాపమే కదా యని విల్లు జాఱవిడిచెను. శాస్త్రము సమ్మతించిన దానికి హృదయము సమ్మతింపకున్నది. ఈ పీటముడి విప్పుటకే గీత పుట్టవలసి వచ్చినది. అహింసను పరమవ్రతముగా నెంచిన జైనులు సైతము హింసను నాలుగు తెఱగులుగా విభజించిరి. వంటవార్పులందు కలుగునది ఆరంభి, వృత్తివ్యాపారములందు కలుగునది ఉద్యోగి, మీదికి వచ్చినవానిని ఎదుర్కొనునపుడు కలుగునది విరోధి, బుద్ధిపూర్వకముగ కోరి చేయునది సంకల్పి. గృహస్థునకు వారు సర్వథా నిషేధించినది ఈ కడపటి దానిని మాత్రమే.

మన కాలమునకు వత్తము. 1908 ఫిబ్రవరిలో జొహానెస్‌బర్గు వీథిలో మీర్ ఆలం అను పఠాను గాంధిగారిని చావుదెబ్బలు కొట్టెను. తాను ఆ చోట నున్నచో ఏమి చేయవలసి యుండెనని పిమ్మట పెద్దకుమారుడు అడుగగా, బలము నుపయోగించియైనను నన్ను కాపాడుట నీ ధర్మమని తాము చెప్పిన సంగతిని గాంధిగారే 1920 ఆగస్టులో యంగిండియా పత్రికలో వ్రాసిరి. పిఱికితనము, హింస ఈ రెండింట నొకటి కోరుకొనక తప్పనిచో హింసనే కోరుకొమ్మని సలహా యిత్తునని వారు వ్రాసినదియు ఆ వ్యాసముననే. దీనిని చెప్పుకొనువారు పెక్కురు. దెబ్బలు తిని పడియున్న గాంధిగారు, తెలివి వచ్చిన పిమ్మట, తన్ను కొట్టినవారిపై అభియోగము వలదని, వారిని విడిచిపెట్టుడని కోరిన సంగతి తలచువారు తక్కువ. నాకు మాత్రము ఈ రెండవదియే మొదటిదానికి వ్యాఖ్యానముగ తోచును.

ఈ చర్చలన్నియు చాలవఱకు ఒక్క ప్రశ్న చుట్టునే తిరిగినవి: కొట్టవచ్చునా, కొట్టరాదా? కొట్టుటకై లేచిన చేతిని మరలించుట చేతనగునా యను ప్రశ్నను స్మృతికర్తలకన్న కవులే సూటిగ అడిగిరని నా యభిప్రాయము.

తిక్కనగారు తెనిగించిన సౌప్తికపర్వమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. నిద్రించుచున్న పాంచాలురను, ద్రౌపదీపుత్రులను నడిరేయి సంహరించిన అశ్వత్థామ, భీముడు వెంటాడి వచ్చుట చూచి, దిక్కుతోచక ఒక గడ్డిపోచను గైకొని బ్రహ్మశిరోనామకాస్త్రమును దానియం దావాహన చేసి, అపాండవమగుగాక యని విడిచెను. కృష్ణుని ప్రేరణమున అర్జునుడును అదే యస్త్రమును విడిచెను. ఐనను విడుచునపుడు మొదట గురుపుత్రునకు మేలు కోరి, పిమ్మట తనకును అన్నదమ్ములకును మేలు కోరి, ఎదుటి యస్త్రము శమించుగాక యని మాత్రమే సంకల్పించెను. రెండగ్నుల నడుమ నారదుడును వ్యాసుడును వచ్చి నిలువగా అర్జునుడు తన యస్త్రమును ఉపసంహరించెను. అశ్వత్థామ ఉపసంహరింపలేకపోయెను. గురువొక్కడే, మంత్రమొక్కటే, ప్రయోగశక్తియు ఇరువురకు సమానమే. బ్రహ్మచర్యవ్రతము లేనివాడు దానిని మరలింపబూనినచో అది వాని తలనే నఱకునని కథ చెప్పుచున్నది. మరలింపలేని యస్త్రము ఎచ్చటనో పడక తప్పదు గనుక, అశ్వత్థామ దానిని పాండవస్త్రీల గర్భములపైకి త్రోసెను. ఉత్తర కడుపులోని శిశువునకు ఆనాటి యుద్ధముతో ఏమి సంబంధము? ఏమియు లేదు. నేర్చి ఆపనేరని వాని దెబ్బ ఎల్లపుడును సంబంధము లేనివారిపైననే పడుచుండును. త్రాగి వచ్చి పెండ్లామును కొట్టు పహిల్వాను కథయు ఇదియే, వీథిలోని కసి ఇంట తీర్చుకొను ప్రతివాని కథయు ఇదియే.

కొడుకు స్వభావ మెఱిగిన ద్రోణుడు ఆ యస్త్రమును వానికి అంతగా ఇష్టము లేకయే ఇచ్చెననియు, ఎంతటి యాపదలోనైనను మనుష్యులపై ప్రయోగింపవలదని కట్టడి చేసెననియు ఆ పర్వముననే యున్నది. తండ్రిప్రేమ గురుధర్మమును గెలిచిన చోట్లు భారతమున పెక్కు గలవు. ఇంత వెల పెట్టించిన చోటు మఱియొకటి లేదేమో.

బాలకాండమున దీనికి ఎదురుబొమ్మ యున్నది. తాటకవధానంతరము విశ్వామిత్రుడు రామున కస్త్రసముదాయము నుపదేశించెను. క్రొత్త యాయుధము చేతికి వచ్చిన బాలుడు ఎవనిపై దీని పదను చూతునా యని దిక్కులు కలయజూచును. రాముడో, అస్త్రములను గ్రహించితిని, వీని ఉపసంహారమును కూడ తెలిసికొనగోరుచున్నానని అడిగెను. అడిగిన పిమ్మటనే మహర్షి చెప్పెను. అడుగనిచో చెప్పియుండునో లేదో వాల్మీకి తెలుపలేదు. ఆ బాలుడు దేవుడని నమ్మనివారు సైతము ఈ ప్రశ్న నడిగినందుకు వానికి నమస్కరింపవచ్చును.

కేరళదేశపు పోరుశాలయగు కళరిని చూచినవారికి, ప్రయోగముతోపాటు ఉపసంహారమును నేర్వవలెనను ఈ మాట క్రొత్తగా తోచదు. నేలను త్రవ్వి, 42 అడుగుల పొడవును 21 అడుగుల వెడల్పును గల పల్లపుబరి గావించి, తూర్పున వాకిలి యుంచి, నైరృతిమూల ఏడు మెట్ల పూత్తఱ యను పూజాపీఠమును నిలిపి, దానికి మ్రొక్కి కాని శిష్యుడు కాలు కదపడు. మొదట దేహమును లొంగదీయు మెయ్‌తారి, పిమ్మట కఱ్ఱలతో కోల్‌తారి, ఆపై లోహాయుధములతో అంకతారి, తుదకు వట్టిచేతుల పోరైన వెఱుంకై – ఈ వరుస చూడుడు. మనము ఆయుధము కన్న వట్టిచేయి తేలిక యనుకొందుము. వారు దానిని కడపట నుంచిరి. ఏలయన వట్టిచేతిపోరునకు మర్మజ్ఞానము కావలెను. సుశ్రుతుడు మానవదేహమున 107 మర్మములను లెక్కించి, వానిలో సద్యఃప్రాణహరములు 19 అనియు, కాలాంతరమున ప్రాణము తీయునవి 33 అనియు, అంగవైకల్యము కలిగించునవి 44 అనియు, ఇట్లు వింగడించెను. శస్త్రవైద్యుడు తప్పించుకొనవలసిన తావులవి. యోధుడు గుఱిపెట్టవలసిన తావులును అవియే. కళరిగురుక్కళ్ ఉదయమున ఆ తావులకు దెబ్బ నేర్పి, మధ్యాహ్నమున నూనె కాచి విఱిగిన యెముక కట్టి పిడిచి తోమును. దెబ్బ నేర్చిన చేతికి మందును నేర్పక విడువని ఆ యేర్పాటు ఉపసంహారమునకు దేహరూపము కాదా?

జపానుదేశమున ఈ సత్యమును వేఱుదారిని కనుగొన్నవాడు కానో జిగోరో. 1882లో, 21 ఏండ్ల ప్రాయమున, తోక్యోలోని యొక బౌద్ధాలయమున 12 చాపలు పఱచి కోడోకాన్ నెలకొల్పి, పాత జుజుత్సును సంస్కరించి జూడో అను పేరు పెట్టెను. మృదుమార్గ మని దాని యర్థము. ప్రాణాపాయకరములగు దెబ్బలను ఆయన స్వేచ్ఛాపోరునుండి తొలగించి, ముందే కుదుర్చుకొన్న వరుసలందు మాత్రము నిలిపెను. తొలగించుటచే విద్య బలహీనపడినదని పలువు రనుకొనవచ్చును, జరిగినది విపరీతము. కన్ను పెఱికెడి పట్టును జతగానిపై పూర్తిబలముతో ఎవడును అభ్యసింపలేడు, గాలిలో అభినయింపవలసినదే. ఎత్తి పడవేయు పట్టునో, లొంగనని పెనుగులాడువానిపై దినమునకు నూఱుమార్లు నిజముగ ప్రయోగింపవచ్చును. మెత్తనిదే నిక్కమైనది! అందులకై శిష్యుడు మొట్టమొదట నేర్చునది పడవేయుట గాక పడుట: గడ్డము ఱొమ్మునకు చేర్చి, చేతితో చాపపై చఱచి, దెబ్బను నేలకు పంచియిచ్చుట. తాను పడుటకు భయపడనివానికి ఎదుటివానిని విఱుగగొట్టవలెనను తొందర యుండదు.

ఫునకోషి గిచిన్ 1922లో ఒకినావానుండి జపాను నడిబొడ్డునకు కొనివచ్చిన కరాటేలో మొదటి దెబ్బ మనది కారాదను నియమ మున్నది. చీనాచేయి యను అర్థముగల పాత యక్షరమును మార్చి, రిక్తహస్తమను అర్థమిచ్చు అక్షరమును ఆయన స్థిరపఱచెను. ఆ రిక్తతకు బౌద్ధుల శూన్యతాభావమును జోడించెను. కృష్ణాతీరపు శ్రీపర్వతముతో పేరు ముడివడిన నాగార్జునాచార్యుని సొమ్ము చుట్టుదారిని కరాటే వరకు పోయినదని తలచినపుడు తెనుగువానికి కొంచెము గర్వము కలుగుట తప్పు కాదు.

ఇంతవఱకు చదివినవారు ఒక ఆక్షేపణ చేయవచ్చును. చీకటిసందులో కత్తితో వచ్చువాడు నారదవ్యాసులు వచ్చు వఱకు ఆగునా? భయము పుట్టగానే గుండె దడదడలాడును, చేతులు వణకును, చూపు ఎదుటి కత్తిమొనపైననే నిలిచి ప్రక్కలను మఱచును. వ్రేళ్ల నేర్పు పోయి మోటుకదలికలే మిగులును. అట్టివేళ ధర్మసూక్ష్మము ఎవనికి తోచును? నిజమే, తోచదు. తోచదు కనుకనే అది మనస్సునకు అప్పగింపదగిన పని కాదు, ముందుగనే దేహమునకు నేర్పియుంచవలసిన పని. మనస్సును నిలుపుటకు అభ్యాసవైరాగ్యములు రెండును వలయునని పతంజలియు గీతాచార్యుడును జంటగనే చెప్పిరి. పోరుశాలలు అభ్యాసమును ఉంచుకొని వైరాగ్యమును మఠములకు వదలివేసినవి.

మన చట్టమును ఈ విషయమున పోరుశాలలకన్న వివేకము కలది. 1860 నాటి శిక్షాస్మృతి 96 మొదలు 106 వఱకు గల సెక్షన్లలో చెప్పి, దాని స్థానమున 2024 జూలై 1 నుండి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 34 మొదలు 44 వఱకు గల సెక్షన్లలో మరల చెప్పిన నియమము ఇది: తన దేహమునే కాక పరుల దేహమును కాపాడుటకును ప్రతివానికి హక్కు గలదు, అపాయము కలుగునను సహేతుకమైన భయము పుట్టినపుడు ఆ హక్కు పుట్టును, ఆ భయమున్నంతవఱకే అది యుండును, రక్షణకు కావలసిన దానికన్న ఎక్కువ హాని చేయుటకు అది చెల్లదు. పడిపోయినవానిని తన్నిన తన్ను రక్షణలో చేరదు. అట్లని ప్రాణభయమున నున్నవాని దెబ్బలను బంగారుత్రాసున తూచరాదనియు న్యాయస్థానములు పలుమార్లు చెప్పినవి. హక్కు పుట్టిన క్షణము, చచ్చిన క్షణము రెండును ఎఱిగినవాడే దాని కర్హుడని నేను దీనినుండి గ్రహింతును.

ఇక పారిపోవుట. దీనిని నేర్పుటకు వస్తాదులు సిగ్గుపడుదురు. జరాసంధుని దండయాత్రలకు విసిగి మథురను విడిచి సముద్రతీరమునకు తరలిపోయిన కృష్ణుని గుజరాతీయులు రణఛోడరాయడని, అనగా యుద్ధమును విడిచినవాడని, ఆ పేరుతోనే డాకోరులో పూజించుచున్నారు. దేవునకు తగిన పని మన కుఱ్ఱలకు తగదా? దూరము పెంచుట, గొంతెత్తి అఱచుట, వెలుగును జనమును ఉన్న వైపునకు పరుగెత్తుట, పట్టుబడినచో విడిపించుకొనుటకు చాలినంత కొట్టి మరల పరుగెత్తుట – నిజమైన ఆత్మరక్షణలో ముప్పాతిక పాలు ఇదియే, దీనికి నల్లపట్టీ యక్కఱలేదు.

బాలికలకు మూడు దినములలో ఆత్మరక్షణ నేర్పెడి యొక శిబిరమును నేనొకతూరి చూచితిని. కన్నులలో పొడువుడు, మోకాలితో తన్నుడని చెప్పి, ఛాయాచిత్రములు తీసి, ప్రశంసాపత్రములు పంచిపెట్టిరి. మా బంధువులలోని పిల్ల ఆ పత్రము పట్టుకొని, ఇక నాకు భయము లేదనెను. నాకు భయము వేసినది. మూడు దినములలో వచ్చినది ధైర్యమే గాని నేర్పు కాదు. నేర్పు లేని ధైర్యము అపాయమున కెదురు నడచును. అదియును గాక, అదే యూరి బాలురకు అట్టి శిబిరమేదియు ఎవరును పెట్టలేదు. ఎత్తిన చేతిని దింపుట, వలదన్నపుడు ఆగుట, కోపమును మ్రింగుట వారికి నేర్పవలసిన విద్యలని ఎవరికిని తోచలేదు. ఆడపిల్లకు ప్రయోగము నేర్పి, మగపిల్లవానికి ఉపసంహారము నేర్పని ఊరు సగము బడియే పెట్టినది.

అయ్యా, అమ్మా! మీ బిడ్డను తాలింఖానాకో, కరాటే బడికో చేర్పింపబోవునపుడు రుసుము ఎంత యని, పతకము లెన్ని వచ్చినవని అడుగుడు, తప్పు లేదు. దానితోపాటు, కొట్టుట నేర్పిన ఎన్నాళ్లకు ఆపుట నేర్పుదురని కూడ వస్తాదును అడుగుడు. ఆయన నవ్వి ఊరకున్నచో బిడ్డను వెంటబెట్టుకొని ఇంటికి వచ్చివేయుడు. మొదటినాటినుండియే యనినచో, రుసుము కొంచెము హెచ్చైనను చెల్లించి చేర్పింపుడు.