చూసేవాళ్ల వంతు

ఉత్తుత్తి దెబ్బను చూసి కేకలు వేయడం మంచిదా, నిజమైన దెబ్బను చూసి కేకలు వేయడం మంచిదా? వినగానే ఇది తేలిక ప్రశ్నలా ఉంటుంది. అబద్ధం కన్నా నిజమే మేలు కదా అంటాం. కానీ ఆ దెబ్బ తగిలేది ఒక మనిషి ఒంటికి అని గుర్తొస్తే జవాబు అంత తేలిగ్గా నోటికి రాదు.

మనలో చాలామందిమి హాస్టళ్లలో పెరిగాం. టెన్ స్పోర్ట్స్ ఛానెల్లో వచ్చే డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీ మనకు పండగ. అండర్‌టేకర్, జాన్ సీనా బొమ్మలున్న ట్రంప్ కార్డులను పుస్తకాల మధ్య దాచుకున్నాం. 2007లో హిమాచల్ ప్రదేశ్‌కు చెందిన గ్రేట్ ఖలీ ప్రపంచ హెవీవెయిట్ బెల్టు గెలిస్తే మనమే గెలిచినట్టు ఎగిరాం. ఎవరు గెలవాలో ముందే రాసిపెడతారని ఆ తర్వాత తెలిసింది. ఇప్పుడు మనమూ మన తమ్ముళ్లూ సెల్‌ఫోన్లలో ఎంఎంఏ చూస్తున్నాం. గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు, జుజుత్సు అన్నీ కలిసిన పోరు అది. "అది డ్రామా, ఇది నిజం" అని కాస్త గొప్పగా చెప్పుకుంటాం. ఆ గొప్ప మనకు తగునా?

ముందు డ్రామా సంగతి చూద్దాం. 1989లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్ ముందు ఆ కుస్తీ కంపెనీయే ఒప్పుకుంది, తమది పోటీ కాదు, వినోదమని. క్రీడా కమిషన్ అజమాయిషీ నుంచి బయటపడటానికే అలా చెప్పింది. ఏమైనా, ఆ రోజు నుంచి దాన్ని మోసం అనడానికి లేదు. చూసేవాళ్లకూ తెలుసు, ఆడేవాళ్లకూ తెలుసు. వేషానికీ అబద్ధానికీ తేడా మన ఆదివాసులకు ఒకరు నేర్పనక్కరలేదు. ఆదిలాబాద్ గోండు గూడేల్లో దండారి పండగకు నెమలి ఈకల టోపీ పెట్టుకున్న గుస్సాడీ ఎవరింటి కొడుకో ఊరంతటికీ తెలుసు. అయినా ఆ రోజుల్లో అతన్ని దేవుడిగానే చూస్తాం. కుస్తీ ఆటను మన పూజతో పోల్చడం కాదు గానీ, అందరికీ తెలిసి కట్టిన వేషం అబద్ధం కాదన్నంత వరకు రెండూ ఒకటే.

పైగా ఆ డ్రామాలో ఒక మంచి ఉంది. పైకెత్తి పడేసేవాడు ఎదుటివాడి మెడను కాపాడుతూ పడేయాలి. పడేవాడు తన ఒంటిని అతని చేతుల్లో నమ్మి పెట్టాలి. శత్రువుల్లా కనిపించే ఆ ఇద్దరూ నిజానికి కలిసి పనిచేసే కూలీలు. అయినా గాయాలు తప్పలేదు. 1998లో పిట్స్‌బర్గ్‌లో మిక్ ఫోలీ ఇనుప పంజరం పైనుంచి పడ్డాడు. గెలుపోటములు రాసిపెట్టినవే, ఊడిన పన్ను మాత్రం నిజం. 1999 మే 23న కాన్సాస్ సిటీలో ఓవెన్ హార్ట్‌ను తాడుతో పైకప్పు నుంచి రింగులోకి దించబోతుండగా కింద పడి చనిపోయాడు. ఆ రాత్రి ఆట ఆపలేదు. కాబట్టి డ్రామా చూసినంత మాత్రాన మన చేతులకు మట్టి అంటలేదని అనుకోవడానికి వీల్లేదు.

ఇక నిజం సంగతి. 1976 జూన్ 26న టోక్యోలో బాక్సర్ ముహమ్మద్ అలీకీ, జపాన్ కుస్తీవీరుడు ఆంటోనియో ఇనోకీకీ పోరు జరిగింది. ఇది రాసిపెట్టిన పోరు కాదు. ఇనోకీ పదిహేను రౌండ్లలో ఎక్కువసేపు నేల మీద పడుకునే అలీ కాళ్ల మీద తన్నాడు. అలీ విసిరిన గుద్దులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పోరు సమానమని తేల్చారు. జనం విసుగెత్తి రింగులోకి చెత్త విసిరారు. నిజమే కావాలని వచ్చినవాళ్లకు నిజం దొరికింది, కానీ రుచించలేదు. మనకు కావలసింది నిజమా, లేక నిజమైన రక్తమా అని ఆ పోరు ఈనాటికీ అడుగుతూనే ఉంది.

1993 నవంబరు 12న అమెరికాలోని డెన్వర్‌లో మొదటి యూఎఫ్‌సీ జరిగింది. బరువు తరగతులు లేవు, నియమాలు దాదాపు లేవు. రాయిస్ గ్రేసీ అనే బక్కపలచని బ్రెజిల్ యువకుడు ఒకే రాత్రి ముగ్గురిని ఓడించాడు. కొన్నేళ్లకు సెనేటర్ జాన్ మెకెయిన్ దీన్ని మనుషుల కోడిపందెం అన్నాడు. కోడిపందెం మనకు కొత్త కాదు. మన వారపు సంతల్లోనూ ఉంది, కింద మైదానాల్లో సంక్రాంతికీ ఉంది. కాలికి కత్తి కట్టిన పుంజు దగ్గర లేనిది ఒకటుంది. "చాలు, నేను ఓడాను" అనే మాట దానికి రాదు.

ఎంఎంఏలో ఆ మాట ఉంది. పట్టులో చిక్కినవాడు అరచేతితో ఎదుటివాడి ఒంటి మీదో నేల మీదో తడితే చాలు, పోరు ఆగిపోతుంది. గెలిచేవాడు వెంటనే పట్టు వదలాలి. 2000 సంవత్సరం నాటికి న్యూజెర్సీలో ఉమ్మడి నియమాలు వచ్చాయి. బరువు తరగతులు, ఐదు నిమిషాల రౌండ్లు, పోరును ఆపే అధికారమున్న రిఫరీ, పక్కనే డాక్టరు. కింద పడ్డవాడి తల మీద తన్నడం, తల వెనక కొట్టడం నిషేధం. మెకెయిన్ మాటకు సరైన జవాబు ఈ నియమాలే. కుస్తీ డ్రామాలో ఓటమి ఎవరో రాసి ఇచ్చినది. ఇక్కడ ఓటమిని ఒప్పుకునేది ఓడినవాడే. అందులో సిగ్గు లేదు. రేపు మళ్లీ పోరాడటానికి ఒంటిని కాపాడుకోవడం అది.

అయితే ఆ హక్కు పోరాడేవాడికి మాత్రమే ఉంటే సరిపోదు. చూసేవాళ్లు దాన్ని గౌరవించాలి. చేత్తో తట్టినవాడిని పిరికివాడని వెక్కిరిస్తే, తర్వాతివాడు తట్టడానికి జంకుతాడు, చెయ్యి విరగ్గొట్టుకుంటాడు. ఆ విరుపులో మన వంతు ఉంటుంది. రిఫరీ త్వరగా ఆపాడని తిట్టేటప్పుడు మనం అడుగుతున్నదేమిటి? ఇంకో నాలుగు దెబ్బలు తలకు తగలాలనే కదా.

నలుగురి చూపుకు గురి కావడం అంటే ఏమిటో మనకు తెలుసు. అరకులో టూరిస్టుల ముందు మన ఆడపడుచులు ధింసా ఆడుతుంటే, కొందరు అడుగుల వెనకున్న ఊరిని చూస్తారు, కొందరు ఫోటో తీసుకుని బస్సెక్కుతారు. ఆ రెండో రకం చూపు మనల్ని ఎంత చిన్నబుచ్చుతుందో మనకు తెలుసు. అదే చూపును పంజరంలో పోరాడే మనిషి మీద మనం విసరడం న్యాయం కాదు.

పేదరికం వల్ల పంజరంలోకి దిగినవాడి ఇష్టాన్ని పూర్తి ఇష్టం అనొచ్చా అని కూడా అడగాలి. గని పనికీ ఇదే ప్రశ్న వర్తిస్తుంది. అందుకని పోరు వద్దనడం లేదు. మణిపూర్ కోమ్ తెగ బిడ్డ మేరీ కోమ్ ఆరుసార్లు బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్ అయింది. 2024లో పూజా తోమర్ యూఎఫ్‌సీలో గెలిచిన తొలి భారతీయురాలు అయింది. మన పిల్లలూ ఆ దారిలో వెళ్లొచ్చు. కానీ శిక్షణ, డాక్టరు, న్యాయమైన కూలి ఉన్న చోటికే వెళ్లాలి.

టీచర్లకు ఒక మనవి. హాస్టల్ గదుల్లో పిల్లలు ఫోన్లో చూసిన పట్లను ఒకరి మీద ఒకరు ప్రయత్నిస్తున్నారు. మెడ పట్టుతో మెదడుకు రక్తం ఆగితే కొన్ని సెకన్లలోనే స్పృహ పోతుంది. వద్దని కొట్టడం కన్నా, ఈ విద్యలో మొదటి పాఠం పట్టు వేయడం కాదు, తట్టగానే వదలడం అని చెప్పండి. గురువు లేనిదే ఆ పట్టు జోలికి పోవద్దనీ చెప్పండి.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పేది ఇంతే. డ్రామా నుంచి నిజానికి వచ్చామని మనం ఎదిగినట్టు కాదు. డ్రామాలో పడేవాడిని కాపాడే పని ఎదుటి కుస్తీవీరుడు చేసేవాడు. నిజం పోరులో ఆ పని నియమాలది, రిఫరీది, కొంత మనది. ఈసారి ఎవరైనా చేత్తో తట్టి ఓటమి ఒప్పుకుంటే, గెలిచినవాడితో పాటు అతనికీ చప్పట్లు కొడదాం.