అన్నదమ్ములు, లైబ్రరీల మూట

ఒక ఊళ్లో ఇద్దరు అన్నదమ్ములు. ఇద్దరూ పైథాన్ నేర్చి, ఫ్లాస్క్‌తో చెరొక వెబ్‌సైట్ తయారుచేశారు. అన్నది పుస్తకాల దుకాణానికి, తమ్ముడిది ఆసుపత్రికి.

అన్న తన రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో ఒకే లైను రాశాడు: ఫ్లాస్క్ 2.2.2. దాని వెంట వచ్చే వెర్క్‌జాయిగ్, జింజా, మార్కప్‌సేఫ్ లైబ్రరీల ఊసెత్తలేదు. "లైబ్రరీలు తెచ్చిపెట్టే పిప్ ఉందిగా, అవన్నీ అదే చూసుకుంటుందిలే" అన్నాడు.

తమ్ముడు అలా వదల్లేదు. ప్రతి లైబ్రరీకీ వెర్షన్ నంబరు రాశాడు. వాటి వీల్ ఫైళ్లన్నీ దించి ఒక ఫోల్డర్లో మూటకట్టాడు. ఇంటర్నెట్ జోలికి పోకుండా ఆ ఫోల్డర్ నుంచే తీసుకోమని పిప్‌కి చెప్పాడు.

2023 సెప్టెంబరు 30న వెర్క్‌జాయిగ్ 3.0 వచ్చింది. అంతవరకూ ఉన్న యూఆర్ఎల్ కోట్ అనే ఫంక్షన్‌ని అందులోంచి తీసేశారు. ఫ్లాస్క్ 2.2.2కి ఆ ఫంక్షనే కావాలి. అయితే వెర్క్‌జాయిగ్ ఫలానా వెర్షన్ దాటకూడదని ఆ ఫ్లాస్క్ ఎక్కడా చెప్పదు. కొద్దిరోజులకి అన్నదమ్ములిద్దరూ కొత్త సర్వర్లకి మారారు. అన్న సర్వర్లోకి పిప్ కొత్త వెర్క్‌జాయిగ్‌ని తెచ్చింది. తన కోడ్‌లో ఒక్క అక్షరం మారకపోయినా సైటు ఇంపోర్ట్ ఎర్రర్‌తో ఆగిపోయింది. తమ్ముడి సైటు మాత్రం ఎప్పటిలాగే నడిచింది.

"చూశావా అన్నయ్యా, మూట కట్టుకుంటే ఇక దిగుల్లేదు!" అన్నాడు తమ్ముడు.

సర్వర్ల పని చేసే వాళ్ల అక్క ఆ మాట విన్నది. "ఒరేయ్, ఆ మూట మళ్లీ ఎప్పుడు విప్పి చూశావు?" అని అడిగింది. తమ్ముడు జవాబు చెప్పలేకపోయాడు.

ఈలోగా వెర్క్‌జాయిగ్‌లో ఒక భద్రతా లోపం బయటపడింది. ఫైల్ అప్‌లోడ్ రూపంలో ఒక తరహా డేటా పంపితే, దాన్ని విడదీయడానికే సర్వర్ శక్తి అంతా ఖర్చవుతుంది. దాన్ని 3.0.1లోనూ 2.3.8లోనూ సరిచేశారు. తమ్ముడి మూటలో ఉన్నది 2.2.3. సైటు ఆగిపోకుండా కాపాడిన మూటే, రోగులు రిపోర్టులు పంపే సైటులో ఆ లోపాన్ని పదిలంగా దాచి ఉంచింది.

తమ్ముడు 2.3.8 తెచ్చి, టెస్టులన్నీ నడిపి చూసి, మూటలో పాతదాని స్థానంలో పెట్టాడు. అన్న కూడా అన్ని వెర్షన్లూ రాసుకున్నాడు. భద్రతా ప్రకటనలు చూసే పనిని ఇద్దరూ వంతులేసుకున్నారు.

నీతి: ఇతరులు రాసిన లైబ్రరీని మన యాప్‌లో చేర్చుకున్న రోజు నుంచి దాని బాధ్యత మనదే. అది మనకి తెలియకుండా మారకూడదు, మారాల్సినప్పుడు మారకుండానూ ఉండకూడదు.