నీళ్ళు నిలిచే వేళ

ఈ ఉదయం మిమ్మల్ని కాస్త దూరం తీసుకెళ్తాను. కెనడా పడమటి అంచున బ్రిటిష్ కొలంబియా ఉంది కదా, అక్కడ వాంకూవర్ దీవికీ ప్రధాన భూభాగానికీ మధ్య ఉన్న సముద్రం మీదికి. ఆ నీళ్ళలో స్ప్రింగ్ సాల్మన్ అనే చేపను కయాక్ మీద కూర్చుని పట్టడం నేర్చుకుంటున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

మరపడవ ఉన్నవాడికి చోటుతో పని. నిన్న ఫలానా మొన దగ్గర చేప పడిందని చెవిన పడితే అరగంటలో అక్కడుంటాడు. పడకపోతే ఇంకో చోటికి పోతాడు. తెడ్డు పట్టినవాడికి ఆ వీలు లేదు. తెల్లారగట్ల లేచి వాడు పోగలిగేది రెండు మూడు కిలోమీటర్లు, అదీ నీళ్ళు ఒప్పుకుంటే. కాబట్టి వాడు వేళను పట్టుకోవాలి. ఈ వేట నేర్చుకోవడమంటే చాలామటుకు వేళలు నేర్చుకోవడమేనని నాకు అనిపిస్తుంది.

ముందు చేప సంగతి. పసిఫిక్ సాల్మన్ రకాలలో ఇదే అన్నిటికన్నా పెద్దది. పుస్తకాల్లో చినూక్, అలాస్కాలో కింగ్, బ్రిటిష్ కొలంబియాలో స్ప్రింగ్. 30 పౌన్లు తూగితే ‘టయీ’ అని బిరుదు కూడా ఇస్తారు. 1985లో అలాస్కాలోని కీనై నదిలో లెస్ ఆండర్సన్ అనే ఆయన గాలంతో పట్టినది 97 పౌన్ల పైచిలుకు. అంతటిది కయాక్‌కు తగిలితే ఏమవుతుందో నా ఊహకందదు. మాకు తగిలేవి పదీ పదిహేను పౌన్లవి, అవే మా చేతులకు చాలు. ఏట్లో పుట్టి, సముద్రానికి పోయి, కొన్నేళ్ళపాటు హెర్రింగ్ వంటి చిన్న చేపల్ని మేసి, పుట్టిన ఏటినే వెతుక్కుంటూ వచ్చి గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. ఏట్లోకి ఎక్కాక తిండి మానేస్తుంది. ఆబగా తినేదంతా ఉప్పునీళ్ళలోనే.

ఇక పడవ. కయాక్ అసలు ఆర్కిటిక్ తీరాల ఇనూయిట్‌లు, అల్యూషన్ దీవుల ఉనాంగన్ జనం సీల్ చర్మాన్ని చట్రం మీద బిగించి కుట్టుకున్న వేటపడవ. ఇప్పుడు చేపల కోసం మేం వాడేది ప్లాస్టిక్‌ది, లోపల దూరకుండా పైన కూర్చునేది. మన తీరంలో తెప్ప నడిపినవాళ్ళకు ఇందులో వింతేమీ కనిపించదు. అల మీదనుంచి పోతుంది, దుంగల సందుల్లోంచి నీళ్ళు దిగిపోతాయి, తెప్ప మునగదు. ఈ కయాక్‌కూ పైనుంచి అడుగు దాకా కన్నాలుంటాయి, ఎక్కిన నీరు వాటిలోంచే దిగిపోతుంది. ఒక్క తేడా ఉంది. తెప్ప మీదినుంచి జారినవాడు బంగాళాఖాతపు వెచ్చటి నీళ్ళలో పడతాడు.

ఇక్కడి నీళ్ళు అలాంటివి కావు. పోటు వడిగా కలియబెట్టే జలసంధుల్లో నడి వేసవిలో కూడా పది డిగ్రీల చుట్టుపక్కలే ఉంటాయి. మానిటోబా విశ్వవిద్యాలయంలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే ఆచార్యుడు చన్నీళ్ళు మనిషిని ఏం చేస్తాయో తెలుసుకోవడానికి తన ఒంటి మీదే ప్రయోగాలు చేసుకున్నాడు. ఆయన చెప్పిన లెక్క మా తీరంలో అందరికీ కంఠతా వచ్చు. ఒకటి, పది, ఒకటి. పడగానే ఊపిరి ఎగబీలుస్తుంది, దాన్ని అదుపులోకి తెచ్చుకోవడానికి ఒక నిమిషం. చేతులూ వేళ్ళూ మాట వినేది ఆ తర్వాత పది నిమిషాలు. చలికి స్పృహ తప్పడానికి సుమారు ఒక గంట. చాలామంది ఆ గంటను చూసి ధైర్యం తెచ్చుకుంటారు. నన్నడిగితే చూడాల్సింది మధ్యలో ఉన్న పదినే. ఆ పది నిమిషాల్లో తిరిగి ఎక్కకపోతే, పక్కనే తేలుతున్న పడవ కూడా అందనంత దూరమే. అందుకని గాలపు కర్ర ఇంట్లో పెట్టి, ఒడ్డు దగ్గర లోతులేని చోట కావాలని పడి, పొట్ట మీద పాకుతూ ఎక్కడం అలవాటు చేసుకోవాలి. నీరు చొరకుండా మెడ దాకా బిగిసే డ్రైసూట్, పైన లైఫ్ జాకెట్. వేసవిలో అది వేసుకుని తెడ్డు వేస్తుంటే ఉడికిపోతాం, అయినా తప్పదు.

ఇప్పుడు అసలు వేళలు. ఈ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఏ రోజుకారోజు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. కాంప్‌బెల్ రివర్ అనే ఊరికి ఉత్తరాన సీమోర్ నారోస్ అని ఒక ఇరుకు ఉంది. పెద్ద పోటు రోజుల్లో అక్కడ ప్రవాహం 15 నాట్లు, గంటకు దాదాపు 28 కిలోమీటర్లు. నిదానంగా తెడ్డు వేసేవాడి వడి ఐదారు కిలోమీటర్లు. ఆ ఇరుకు నడిమధ్యన రిపుల్ రాక్ అనే బండ ఎన్నో ఓడల్ని పొట్టనపెట్టుకుంటే, 1958 ఏప్రిల్ 5న దాని కడుపులోకి సొరంగం తొలిచి మందు కూరి పేల్చేశారు. అణుబాంబులు కాని పేలుళ్ళలో పెద్దవాటిలో అదొకటి. బండ పోయింది కానీ వడి మాత్రం అలాగే ఉంది. కయాక్ వాళ్ళం ఆ దరిదాపులకు పోము.

కొత్తవాళ్ళు తికమకపడేది ఇంకోచోట. పోటు నిండే వేళా, ప్రవాహం ఆగే వేళా ఒకటేననుకుంటారు. ఇరుకు దారుల్లో అలా జరగదు. ఒడ్డున నీటిమట్టం దిగడం మొదలయ్యాక కూడా నడిమధ్య నీళ్ళు పాత దిక్కుకే పరిగెడుతుంటాయి. అందుకే కెనడా హైడ్రోగ్రాఫిక్ సర్వీస్ మట్టాలకు ఒక పట్టిక, ప్రవాహాలకు ఇంకో పట్టిక వేస్తుంది. కొత్తవాడు మొదటిది చూసి బయల్దేరతాడు, మధ్యలో రెండోది అర్థమవుతుంది.

ప్రవాహం నెమ్మదించి, ఎటూ కదలక, మళ్ళీ వెనక్కి తిరిగే ఆ కాసేపట్లో స్ప్రింగ్ మేతకు దిగుతుందని ఈ తీరమంతా గట్టి నమ్మకం. నేను చూసినంతలో నిజమే. పైగా ఈ చేపకు వెలుతురు గిట్టదు. చీకటి విడీవిడకముందు పైకొచ్చి, పొద్దెక్కేకొద్దీ ముప్పై నలభై మీటర్ల లోతుకు, ఇంకా కిందికి దిగిపోతుంది. అంటే రెండు వేళలూ కలవాలి. తెల్లవారడమూ నీళ్ళు నిలవడమూ ఒక్కసారే జరిగే పొద్దులు పక్షానికి కొన్నే ఉంటాయి. ఆ కొన్నింటిలో గాలి లేనివి ఇంకా తక్కువ. మిగతా రోజుల్లో పడుకోవడం మంచిది.

మరపడవల మీద డౌన్‌రిగ్గర్ అని ఉంటుంది. పదీ పదిహేను పౌన్ల గుండును తీగకు కట్టి దించితే, ఎర కోరిన లోతులో ఈదుతుంది. కయాక్ పక్కకు అంత బరువు వేలాడదీస్తే అడుగున ఏ రాతికో తగులుకుని పడవనే ఒరిగించేస్తుంది. చిన్న గుండు వాడేవాళ్ళున్నారు. నాకు పాతకాలపు పద్ధతే నచ్చింది. హెర్రింగ్ తలను ఏటవాలుగా కోసేసి, మొండేన్ని రెండు కొక్కేలకు గుచ్చి, కాస్తంత సీసం కట్టి దించడం. కోత సరిగా పడితే, లాగినప్పుడు ఆ ముక్క దెబ్బ తిన్న చేపలా గిరగిరా తిరుగుతుంది. కోత వాలు కొంచెం తప్పిందా, ఊరికే వేలాడుతుంది. గంటలకొద్దీ తెడ్డు వేసినా దాన్ని ఏ చేపా చూడదు.

తగిలిన చేప మొదట ఏమీ చేయదు. తల రెండుసార్లు విదిలిస్తుంది, అంతే. తర్వాత పరుగు. ఈ తీరంలో చాలామంది వాడే రీలుకు పళ్ళచక్రాలుండవు. తీగ పోతుంటే పిడి కూడా అంతే వేగంతో వెనక్కి తిరుగుతుంది. వేళ్ళు అడ్డం పెడితే కణుపులు పగులుతాయి. అందుకే దానికి ‘నకుల్ బస్టర్’ అని ముద్దుపేరు. కయాక్ తేలిక కాబట్టి చేప దాన్ని వెంట లాక్కుపోతుంది. ఒక రకంగా అది మేలే, పడవే బిర్రుగా ఉన్న తీగకు సడలింపునిస్తుంది. కర్ర కొస మాత్రం ముక్కు వైపే ఉంచాలి. తీగ పక్కకు అడ్డం పడి పడవ కింద నుంచి పోయిందంటే, ఒకటి, పది, ఒకటి లెక్క మొదలైనట్టే.

కాంప్‌బెల్ రివర్‌లో 1924 నుంచీ టయీ క్లబ్ అని ఒకటుంది. ఇంజను లేకుండా, ఎవరో ఒకరు తెడ్లు వేస్తున్న పడవలోంచి 30 పౌన్లకు తగ్గని చేపను పట్టినవాళ్ళకే అందులో సభ్యత్వం. అంత పెద్దమనుషుల క్లబ్బు కూడా తెడ్డుకొకరు, గాలానికొకరు అని పని పంచుకుంది. కయాక్‌లో ఉన్నది ఒకడే, చేతులు రెండే. కర్ర ఒక చేత, వల ఒక చేత పట్టుకుంటే తెడ్డు ఏమయినట్టు? కాళ్ళతో తొక్కే కయాక్‌లు అందుకే అంతగా చెల్లుతున్నాయి. నేనింకా తెడ్డు వదల్లేదు, పట్టుదల కంటే ఎక్కువగా ఖరీదు చూసి.

వసంతం పేరు పెట్టుకున్న ఈ చేపను దక్షిణ తీరంలో చాలాచోట్ల వసంతంలో ఉంచుకోకూడదు. ఈ సముద్రంలోనే కలిసే ఫ్రేజర్ నదికి ముందుగా వచ్చే గుంపులు బాగా పలచబడ్డాయి. దానికితోడు 2018లో బిగ్ బార్ దగ్గర కొండచరియ విరిగి ఆ నదికి అడ్డంగా పడింది, చేప పైకి ఎక్కలేకపోయింది. గుంపులు పలచబడ్డాయనే 2019 నుంచి అవి దాటిపోయేదాకా పట్టినవాటిని వదిలేయాలని నిబంధన పెట్టారు. పైగా ఈ సముద్రంలో తిరిగే దక్షిణ గుంపుల ఓర్కా తిమింగలాలు డెబ్బై చిల్లర మిగిలాయి, వాటి ప్రధానాహారం ఇదే చేప. వాటికి మన దగ్గరున్నట్టు పది రకాల కూరలు లేవు కదా. వదిలేయడం తేలిక కావాలనే కొక్కేనికి వెనకముల్లు ఉండకూడదన్న నియమం కూడా ఉంది. దీవికీ ప్రధాన భూభాగానికీ మధ్యనున్న జార్జియా జలసంధిలో అనుమతి ఉన్న రోజుల్లోనైనా 62 సెంటీమీటర్లు లేనిదాన్ని ఉంచుకోకూడదు. అరవై ఒకటి కొలిచి వదిలేసిన పొద్దులున్నాయి. తోక సాగదీస్తే ఏమైనా పెరుగుతుందా అని చూస్తాం, పెరగదు.

ఉంచుకునే చేప దొరికిన రోజున మొప్పలు కోసి నెత్తురు కార్చి, తడి గోనె కప్పి, మరుక్షణమే లైసెన్సులో రాసి ఒడ్డుకు తిరుగుతాం. ఇంటికొచ్చి కోస్తే గానీ తెలియని సంగతి ఒకటుంది. కొన్ని స్ప్రింగ్‌ల మాంసం ఎర్రగా ఉండదు, తెల్లగా ఉంటుంది. తిన్న రొయ్యల రంగును కండలో నిలుపుకునే గుణం వాటికి పుట్టుకతోనే లేదు. ఒకప్పుడు బజారులో వాటిని నాసిరకం కింద జమకట్టి తక్కువకు అమ్మేవారు. కాల్చుకు తినేవాళ్ళు ఏమంటారో గానీ, చింతపండు పులుసుకైతే నా ఓటు తెల్లదానికే. కొవ్వు ఎక్కువ కాబట్టి నూనె మాత్రం తగ్గించి వేయండి.