పాలగ్లాసు, కసాయి కత్తి

మాంసం తిననివాణ్ణి అర్థం చేసుకోవడం ఈ దేశంలో ఎవరికీ కష్టం కాదు. పాలు కూడా ముట్టనివాడు, కోడిగుడ్డు కూడా వద్దనేవాడు ఎదురైతే మాత్రం మనకి నవ్వొస్తుంది. పాలు పిండితే బర్రె చావదు గదా! గుడ్డు తీస్తే కోడి చావదు గదా! అందులోనూ కన్నబిడ్డలా సాకిన బర్రె, వాకిట్లో స్వేచ్ఛగా తిరిగే నాటుకోడి అయితే హింస అన్న మాటకి చోటెక్కడ?

వీగన్లని ఎవరైనా మొదట అడిగే ప్రశ్న ఇదే. 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్ అనే వడ్రంగం మాస్టారు, ఆయన మిత్రులు కొందరు ఈ పేరు కల్పించి సంఘం పెట్టుకున్నారు. వాళ్ళు మాంసాహారుల మీద అలిగి వచ్చినవాళ్ళు కాదు. శాకాహారుల్లోనే ఉండి, మాంసం మాని పాలూ గుడ్లూ మానకపోతే పని సగంలోనే ఆగినట్టని తేల్చి విడిపోయినవాళ్ళు.

ఈ దేశంలో తిండి గురించి ఎవరు నోరెత్తినా ఆ మాట ముందు మన వంటింటి మీదికే వస్తుందని ముస్లింలకి తెలుసు. అందుకే జీవకారుణ్యం అన్న మాట వినపడగానే మనలో చాలామంది తలుపులేసుకుంటారు. అలా వేసుకోవడానికి కారణాలున్నాయి. కాని ఈ ప్రశ్న తలుపు బయటి నుంచి వచ్చింది కాదు. వెయ్యేళ్ళ కింద మన ఇంట్లోంచే పుట్టింది.

అబుల్ అలా అల్ మఅర్రీ 973లో సిరియాలోని మఅర్రతున్నూమాన్‌లో పుట్టాడు. నాలుగేళ్ళప్పుడు మశూచి వచ్చి చూపు పోయింది. అరబ్బీ మహాకవుల్లో ఒకడయ్యాడు. కొంతకాలం బాగ్దాదులో ఉండి సొంత ఊరికి తిరిగొచ్చి, 1057లో పోయేదాకా ఇల్లు కదలకుండా బతికాడు. తన బతుకులో సగానికి పైగా ఆయన మాంసం ముట్టలేదు. చేప ముట్టలేదు. అక్కడితో ఆగలేదు. పాలు తల్లి తన పిల్ల కోసం ఉంచుకున్నవని, తేనె ఈగలు తమ కోసం కూడబెట్టుకున్నదని, గుడ్డు పక్షి సొత్తని చెప్పి వాటినీ వదిలేశాడు. ఆయన వాదంలో క్రూరత్వం అన్న మాట కంటే దొంగతనం అన్న మాట పెద్దది. దొంగ ఎంత మర్యాదగా దోచుకున్నా దొంగే గదా!

ఫాతిమీ ఖలీఫాల మత ప్రచారానికి పెద్ద అయిన అల్ ముఅయ్యద్ ఆయనకి ఉత్తరాలు రాసి నిలదీశాడు. పశువుల్ని మనిషి కోసమే పుట్టించాడు గదా దేవుడు, పుట్టించినవాడి కంటే నీకు దయ ఎక్కువా అని అడిగాడు. మంచి భోజనానికి ఏర్పాటు చేయిస్తానని కూడా అన్నాడు. గుడ్డి ముసలాయన మర్యాదగానే జవాబు రాశాడు, ఏర్పాటు వద్దన్నాడు. మిగతావాళ్ళంతా తన దారికి రావాలని ఎవరి మీదా ఒత్తిడి పెట్టలేదు. ఆయన ఊళ్ళో నిలబెట్టిన విగ్రహం తలని 2013లో, సిరియా యుద్ధం నడుస్తుండగా, సాయుధులు నరికేశారు. ప్రశ్న అడిగినవాడి తల విగ్రహానిదైనా కొందరికి భయమే.

ఉర్దూ చదివినవాళ్ళకి మఅర్రీ పేరు ఇక్బాల్ ద్వారా తెలుసు. బాల్-ఎ-జిబ్రీల్‌లో ఆయన మీద ఒక నజ్మ్ ఉంది. మిత్రుడొకడు వేయించి పంపిన కౌజుపిట్టని చూసి మఅర్రీ మాట్లాడతాడు. ఇక్బాల్ చేతిలో ఆ కథ బలహీనులకి హెచ్చరిక అయింది. డేగవి కాలేకపోయావు కాబట్టే ఈ గతి పట్టిందన్నది అందులోని పాఠం. దెబ్బలు తిన్న సమాజానికి ఆ పాఠం నచ్చుతుంది. కాని మఅర్రీ అసలు ప్రశ్న వేరు. డేగకి బలముంటే, ఆ బలానికి హక్కు ఎక్కడ నుంచి వచ్చింది?

ఈ ప్రశ్నని మన పశువుల కొట్టంలోకి తెచ్చి చూద్దాం.

బర్రె ఊరికే పాలివ్వదు. ఈనితేనే ఇస్తుంది. ఆ పాలు దూడ కోసం ఊరినవి. ఇది పుస్తకాల్లోంచి తెచ్చిన సంగతి కాదు. పాలు పిండేవాళ్ళందరికీ తెలుసు. ముందు దూడని విడిచి నాలుగు గుక్కలు కుడవనిస్తారు. బర్రె చేపగానే దూడని లాగి కట్టేస్తారు. దూడ చచ్చిపోతే దాని తోలులో గడ్డి కుక్కి తల్లి ముందు నిలబెట్టే పద్ధతి కూడా ఉంది. తల్లి ఆ తోలుని నాకి చేపుతుంది. మనం లొట్టలేస్తూ తినే జున్ను, దూడకి రోగాల్ని తట్టుకునే బలమిచ్చే తొలిపాలు.

పుట్టే దూడల్లో సగం మగవి. ఆడదూడ రేపటి బర్రె. మరి మగదూడ? ఒకప్పుడు నాగలికో బండికో పనికొచ్చేది. ట్రాక్టరు వచ్చాక ఆ పని కూడా పోయింది. అది తాగే ప్రతి లీటరూ అమ్మకంలో తరుగే. అందుకే కట్టుకొయ్య దగ్గరే ఎండిపోతుంది, లేదంటే అమ్ముడుపోతుంది. తల్లి సంగతి కూడా అంతే. ఇరవై ఏళ్ళ దాకా బతకగల జంతువు, వట్టిపోయిన రోజు నుంచి ఇంటికి బరువు. అప్పుడు సంతకి తోలుకుపోతారు. సంతలో కొనేది ఎవరో అందరికీ తెలుసు. ఎవరూ పేరెత్తరు.

మన చట్టం ఈ సంగతిని దాచుకోలేదు. తెలుగు నేలమీద 1977 నాటి గోవధ నిషేధ చట్టం ఆవుల్ని, దూడల్ని కోయకూడదంది. బర్రెల్ని కోయాలంటే మాత్రం సర్టిఫికెట్టు కావాలంది. ఆ పశువు ఇక పాడికి, ఈతకి పనికిరాదని అధికారి రాసివ్వాలి. అంటే పాలు ఎక్కడ ఆగుతాయో కత్తి అక్కడ మొదలవుతుందని చట్టమే గీత గీసి చూపించింది. 1998 నుంచి ప్రపంచంలో పాల ఉత్పత్తిలో మనదే మొదటి స్థానం. బర్రె మాంసం ఎగుమతిలోనూ మనది ముందువరసే. ఇవి రెండు గొప్పలు కావు. ఒకటే లెక్క, రెండు పేజీల్లో రాసుకున్నాం.

గుడ్డు కథ కూడా ఇంతే. కోడి పూర్వీకురాలైన అడవికోడి ఏడాదికి పది పదిహేను గుడ్లు పెడుతుంది, అదీ పొదగడానికి. మనిషి పెంచిన ఫారం కోడి మూడొందలు దాటి పెడుతుంది. అన్ని పెంకులకి కావలసిన సున్నంలో కొంత దాని ఎముకల్లోంచి కరగాలి. గుడ్లజాతి పుంజుపిల్ల గుడ్డు పెట్టదు, మాంసానికీ ఎదగదు. కాబట్టి పుట్టిన రోజే దాన్ని చంపేస్తారు. ఈ పనిని జర్మనీ 2022 నుంచి నిషేధించింది. మరి పెట్ట? ఏడాదిన్నర తిరిగేసరికి అదీ మాంసం దుకాణానికే పోతుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. బాగా చూసుకుంటే? మంచి మేత, చల్లని నీడ, ప్రేమగా నిమిరే చెయ్యి ఉంటే?

మంచిగా చూసుకోవడం అన్నది పశువు బతికినన్నాళ్ళు ఎలా బతికిందో చెబుతుంది. ఎన్నాళ్ళు బతకాలో, దాని పిల్ల ఏమైందో చెప్పదు. కన్నబిడ్డలా సాకిన ఇంట్లో కూడా దూడల్లో సగం మగవే. ఆ ఇంటి బర్రె కూడా ఒకనాటికి వట్టిపోతుంది. రెండెకరాల రైతు వాటన్నిటినీ చచ్చేదాకా మేపలేడు. మేపితే అతనే ముందు చస్తాడు. కాబట్టి దయ ఎంత ఉన్నా లెక్క మారదు. వీగన్లు చెప్పే సంగతి ఇదే. నాకు తెలిసినంతలో దీనికి జవాబు లేదు.

ఒక్కటి ఒప్పుకోను. దూడ కడుపు నిండాక మిగిలిన పాలు మాత్రమే తీసుకుని, ఏ మగదూడనీ అమ్మక, ముసలిదాన్ని కూడా చచ్చేదాకా మేపే ఇల్లు ఒకటుంటే, అక్కడి గ్లాసెడు పాలలో నాకు పాపం కనిపించదు. జంతువుని ఏ రకంగా వాడుకున్నా తప్పేనని వీగన్లు అంటారు. అంత దూరం నేను పోలేను. కాని ఆ ఇంటి పాలు మన చాయ్ హోటలుకి రావు. మనం కొనే పాలన్నీ లెక్క చూసుకునే ఇళ్ళ నుంచే వస్తాయి.

ఇక్కడ భాష గురించి ఒక మాట. తెలుగులో దయగలవాడిది వెన్నలాంటి మనసు. దయలేనివాడు కసాయివాడు. కసాయి ఉర్దూలోంచి వచ్చిన మాట. అక్కడ అది ఒక వృత్తి పేరు. తెలుగులోకి వచ్చేసరికి తిట్టయింది. వెన్న తీసిన చేతుల్లోంచే పశువు కసాయి చేతికి వచ్చిందని ఆ తిట్టులో లేదు. పాలు తాగినవాడు పుణ్యం ఉంచుకుని, పాపం మొత్తం ఖురేషీల వీధిలో కుమ్మరించిపోయాడు.

2017 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని అల్వర్ దగ్గర రోడ్డు మీద కొట్టి చంపిన పహలూ ఖాన్ కసాయి కాదు. హర్యానా నుంచి వచ్చిన పాడి రైతు. జైపూర్ సంతలో పాడి ఆవుల్ని కొనుక్కుని ఇంటికి పోతున్నాడు. ఆవుని ఎవరు మేపుతారు, ఎవరు పిండుతారు, ఎవరు కోస్తారు అన్నది చంపినవాళ్ళు అడగలేదు. పేరు అడిగితే సరిపోయింది.

అందుకే శాకాహారం అన్న ఒక్క మాట కింద రెండు వేర్వేరు సంగతులున్నాయని గుర్తు పెట్టుకోవాలి. ఒకటి శుచి. నా ఒళ్ళు, నా వంటిల్లు, నా కులం మైలపడకూడదన్న ఆలోచన. అందులో జంతువు ఊసు తక్కువ. పాలు, నెయ్యి అందులో అన్నిటికంటే పవిత్రం. రెండోది ఇన్సాఫ్. తీసుకున్నది ఎవరిది, మూల్యం ఎవరు చెల్లించారు అని అడిగే ఆలోచన. మఅర్రీ అడిగింది, వాట్సన్ అడిగింది ఈ రెండోది. శుచి మన మీద కత్తి దూస్తుంది. ఇన్సాఫ్ పాలు తాగేవాణ్ణీ, మాంసం తినేవాణ్ణీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టి లెక్క అడుగుతుంది.

అలా అడిగినప్పుడు మనం కూడా తప్పించుకోకూడదు. వాళ్ళు పాలు తాగుతున్నారు కాబట్టి మన కత్తి గురించి ఎవరూ మాట్లాడొద్దు అనడం జవాబు కాదు. పాలని ఖురాన్ దేవుడి నిషానీగా చెప్పింది, నిజమే. హలాల్ అన్నది హలాలే. కాని తల్లిపక్షి దగ్గర నుంచి పిల్లల్ని ఎత్తుకొచ్చినవాళ్ళని ప్రవక్త మందలించి, పిల్లల్ని తిరిగి ఇచ్చేయమన్నారని హదీసుల్లో ఉంది. తినొచ్చు అన్న అనుమతి, తల్లి ఏడుపు వినొద్దు అన్న అనుమతి కాదు. బక్రీదునాడు మనం చంపేది కనీసం కళ్ళముందు, దేవుడి పేరెత్తి చంపుతాం. పాలగ్లాసులో చావు కనపడదు. కనపడని చావుకి ఎవరూ దువా కూడా చేయరు.

మరి బీదవాడి సంగతి? రెండు మేకలతో పిల్లల్ని సాకే ఒంటరి ఆడమనిషిని, మధ్యాహ్న భోజనంలో గుడ్డు కోసం బడికి వచ్చే పిల్లవాణ్ణి ముందు నిలబెట్టి ఈ ప్రశ్న అడిగేవాడికి సిగ్గు లేదు. ఎంచుకునే స్తోమత ఉన్నవాడి దగ్గర ప్రశ్న మొదలవ్వాలి. మఅర్రీ తన కంచం దగ్గరే మొదలుపెట్టాడు. పప్పుతో బతికాడు గానీ పక్కింటి గిన్నె మూత తీసి చూడలేదు.

పాలు మానాలా వద్దా అన్నది ఎవరికి వాళ్ళు తేల్చుకోవాల్సిన సంగతి. తేల్చుకునేదాకా చేయగలిగిన పని మాత్రం ఒకటుంది. రేపు ఎవరైనా చేతిలో మజ్జిగ గ్లాసు పట్టుకుని కసాయివాళ్ళ గురించి మాట్లాడితే కోపం తెచ్చుకోవద్దు. ఆ బర్రె ఈనిన మగదూడ ఇప్పుడెక్కడుందని నిదానంగా అడగండి. మన దస్తర్‌ఖాన్ మీద గిన్నె దించేటప్పుడు అదే నిదానంతో మనల్నీ అడుగుదాం.