నాదము – ఔషధము

"ఏ రాగము పాడిన మధుమేహము నయమగునండీ?" అని ఒక మిత్రుడు నన్నడిగెను. చేత వైద్యుని చీటి యున్నది. మందు మాత్రము కొనలేదు.

13వ శతాబ్దిలో దేవగిరి యాదవుల కొలువున సంగీతరత్నాకరమును రచించిన శార్ఙ్గదేవుడు వైద్యమును గూడ నెరిగినవాడు. దేహోత్పత్తిని వివరించిన పిదపనే ఆయన నాదమును ప్రస్తావించెను. నకారము ప్రాణము, దకారము అగ్ని. ఆ రెంటి కలయికయే నాదము. పాడువాని శ్వాస నిడుపగును, చిత్తము నిలుచును. ఇంతవరకు నా యనుభవమునకును వచ్చినదే. నా భార్య కడపటి వ్యాధిలో రాత్రులందు ఆమె చెంత నీలాంబరి ఆలపించెడివాడను. నా కంఠము శ్రావ్యమైనదేమియు కాదు. నొప్పి తగ్గలేదు, భయము తగ్గినది.

శిష్యుడగు తంబియప్పన్ ఉదరవ్యాధి తీరుటకై ముత్తుస్వామి దీక్షితులవారు అఠాణా రాగమున బృహస్పతిపై కృతి రచించిరని ఐతిహ్యము కలదు. మిత్రుడు దానినే పట్టుకొనెను. నేనును కాదనను. కాని అది గురుకృప. దానిని చూపి మందు మానుమనుట యెట్లు? ఆశ గొల్పు మాట రోగికి ప్రియమే, హితము కాదు.

"మొదట మందు కొనుడు. సాయంకాలము రండు, కలిసి పాడుకొందము" అంటిని. ఆయన మారుపలుకక లేచిపోయెను. నెల దాటినది, ఇంకను రాలేదు.